4.91 సెకన్లు

పోయిన జూన్‌లో మా బాబాయి డాలస్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నువ్వు కంప్యూటర్ సైన్స్ కదా, ఒక చిన్న అనాలిసిస్ చేసిపెట్టాలి" అన్నాడు. మన బ్రాంచ్ వాళ్ళకి చుట్టాల దగ్గర్నుంచి ఎలాంటి పనులు వస్తాయో మీకు తెలుసు. ప్రింటర్ పనిచేయట్లేదు, వాట్సాప్‌లో ఫోటోలు పోయాయి, అలాంటివి. ఇది అలాంటిది కాదు. తన కొడుకు ఫుట్‌బాల్ ఆడుతూ ఉండాలా, మానేసి చదువు మీద కూర్చోవాలా అన్నది నేను డేటా చూసి తేల్చాలి.

తేల్చాను. సగం తప్పుగా తేల్చాను. ఆ సగం ఏదో తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అదే ఇక్కడ రాస్తున్నాను. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. నా తెలుగులో తప్పుల్ని మన క్లబ్ వాళ్ళు దిద్దే ఉంటారు, ఇంకా మిగిలితే అవి నావే.

ముందు ఆట గురించి రెండు మాటలు. ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు, అమెరికా ఫుట్‌బాల్. బాల్ రెండు వైపులా మొన తేలి ఉంటుంది. ఒక్కో టీమ్‌కి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్ళాలి, లేకపోతే బాల్ అవతలి వాళ్ళకి పోతుంది. క్వార్టర్‌బ్యాక్ బాల్ విసురుతాడు. దూరంగా పరిగెత్తి దాన్ని పట్టుకునేవాడు రిసీవర్. పట్టుకోనివ్వకుండా అతన్ని వెంటాడేవాడు కార్నర్‌బ్యాక్. మా చిన్నోడు రిసీవర్. వాడి అసలు పేరు రాస్తే ఊరుకోడు కాబట్టి ఇంట్లో పిలిచే పేరే రాస్తున్నా.

టెక్సాస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే మన దగ్గర స్కూల్ గేమ్స్ పీరియడ్ లాంటిది అనుకోకండి. శుక్రవారం రాత్రి ఊరు ఊరంతా స్టేడియంలో ఉంటుంది. పది వేల మందికి పైగా పట్టే హైస్కూల్ స్టేడియాలు కూడా అక్కడ ఉన్నాయి. బాగా ఆడే పిల్లలకి యూనివర్సిటీలు స్కాలర్‌షిప్ ఇస్తాయి. అయితే దేశమంతా ఉన్న వేల మంది పిల్లల ఆట ఏ కోచ్ కూర్చుని చూడగలడు? అందుకని ఎండాకాలంలో క్యాంపులు పెట్టి కొలతలు తీసుకుంటారు. ఎత్తు, బరువు, చేతి పొడవు, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా అరచెయ్యి వెడల్పు, నిలబడిన చోట నుంచి ఎంత ఎత్తు ఎగురుతాడు, ఎంత దూరం దూకుతాడు. అన్నిటికంటే ముఖ్యంగా 40 గజాల పరుగు. అంటే మన లెక్కలో సుమారు 36 మీటర్ల 58 సెంటీమీటర్లు.

బాబాయి ఒక ఎక్సెల్ షీట్ పంపాడు. ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. బరువు 158 పౌండ్లు, అంటే 72 కిలోల లోపే. ఎగురుడు 28 అంగుళాలు. 40 గజాల పరుగు 4.91 సెకన్లు. షటిల్ 4.38 సెకన్లు. ఇది ఐదు గజాలు ఒక పక్కకి, పది గజాలు రెండో పక్కకి, మళ్ళీ ఐదు గజాలు వెనక్కి పరిగెత్తే పరీక్ష. 4.91 ఉన్న గడికి బాబాయి ఎర్ర రంగు వేశాడు. షటిల్ గడికి ఏ రంగూ లేదు. నేనూ దాన్ని పట్టించుకోలేదు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

ఎర్ర రంగు వెనక ఒక గొడవ ఉంది. స్కూల్లో కోచ్ స్టాప్‌వాచ్‌తో కొలిచినప్పుడు వాడి టైమ్ 4.68. క్యాంపులో మెషిన్ కొలిస్తే 4.91. "మూడు నెలల్లో ఇంత స్లో అయ్యాడంటే ప్రాక్టీస్ సరిగ్గా చేయట్లేదు" అని బాబాయి అనుమానం. నిజానికి వాడు స్లో అవ్వలేదు. స్టాప్‌వాచ్ పట్టుకున్న మనిషి, ఆటగాడు కదలడం చూశాక గానీ బటన్ నొక్కలేడు. కన్ను చూసి వేలు కదిలేలోపు కొంత టైమ్ పోతుంది. చివర్లో మాత్రం వాడు గీత దాటబోతున్నాడని ముందే తెలుస్తుంది కాబట్టి సరిగ్గా నొక్కుతాడు. అందుకే చేత్తో కొలిచిన టైమ్, మెషిన్ టైమ్ కంటే సుమారు 0.2 సెకన్లు తక్కువగా వస్తుంది. ఇది బాబాయికి చెప్పాను. ఆ ఒక్క విషయంలో చిన్నోడికి నా వల్ల మేలు జరిగింది. తర్వాత చేసిందంతా వేరే.

ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే అక్కడి ప్రొఫెషనల్ లీగ్. ప్రతి ఏడాదీ ఆ లీగ్ వాళ్ళు ఇండియానాపోలిస్‌లో 'కంబైన్' అని పెడతారు. యూనివర్సిటీల నుంచి ఎంచిన మూడు వందల మందికి పైగా ఆటగాళ్ళని పిలిచి ఇవే కొలతలు తీస్తారు. ఆ డేటా నెట్‌లో దొరుకుతుంది. నేను రిసీవర్ల డేటా దించుకున్నాను. పైథాన్, పాండాస్, లాజిస్టిక్ రిగ్రెషన్. అప్పుడే సెమిస్టర్‌లో మెషిన్ లెర్నింగ్ బేసిక్స్ అయ్యాయి, చేతులు దురదగా ఉన్నాయి. ఆ ఆటగాళ్ళలో ఎవరు పైకి వచ్చారో మోడల్‌కి నేర్పించి, చిన్నోడి కొలతలు ఇచ్చాను. రెండు దశాంశాలకి రౌండ్ చేయమని నేనే రాశాను కాబట్టి స్క్రీన్ మీద వచ్చిన సంఖ్య 0.00.

దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాను. కింద, "బాబాయ్, డేటా ప్రకారం చాన్స్ లేదు. శాట్ మీద ఫోకస్ చేయమను" అని రాసి ఒక నవ్వే బొమ్మ కూడా పెట్టాను. మా పెద్దత్త బొటనవేలు పెట్టింది. నాన్న "సూపర్ రా" అన్నాడు. ఆ గ్రూప్‌లో చిన్నోడు కూడా ఉన్నాడన్న సంగతి నాకు తట్టనే లేదు. పది నిమిషాల తర్వాత గ్రూప్‌లో ఒక లైన్ వచ్చింది, వాడు గ్రూప్ నుంచి వెళ్ళిపోయాడని. ఇంకో గంటకి నాకు విడిగా మెసేజ్ వచ్చింది. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అక్కా, నువ్వు నా గేమ్ ఒక్కసారైనా చూశావా?"

చూడలేదు. జవాబు ఏమివ్వాలో తెలీక రెండు రోజులు ఇవ్వలేదు. ఆ తర్వాత నేను పెట్టిన 'సారీ రా'కి వాడు జవాబు ఇవ్వలేదు.

ఆటలు ఆడే పిల్లల వీడియోలు 'హడల్' అనే సైట్‌లో ఉంటాయి. పిన్నిని అడిగి లింక్ తీసుకున్నాను. ముందు ఏడాది జూనియర్ టీమ్‌లో ఆడిన మ్యాచ్‌లవి. సారీ చెప్పడానికి ఒక కారణం దొరుకుతుందని చూడటం మొదలుపెట్టాను. మొదటి మ్యాచ్ నాకు అసలు అర్థం కాలేదు. అందరూ గుద్దుకుంటున్నారు, విజిల్, మళ్ళీ గుద్దుకుంటున్నారు. బాల్ ఎక్కడుందో వెతకడంతోనే సరిపోయింది. మూడో మ్యాచ్‌కి వచ్చేసరికి ఒక పని చేశాను. బాల్‌ని చూడటం మానేసి 14 నంబర్ చొక్కానే చూశాను.

ఒక ఆట చెప్తాను. మూడో ప్రయత్నం, ఇంకా ఆరు గజాలు కావాలి. చిన్నోడి ఎదురుగా ఉన్న కార్నర్‌బ్యాక్ వాడికంటే పొడుగు, వాడికంటే వేగం, చూస్తేనే తెలుస్తోంది. బాల్ కదలగానే చిన్నోడు మూడు అడుగులు నిటారుగా వెళ్ళాడు. మూడో అడుగుకి తలా భుజమూ బయటి గీత వైపు కొంచెం వంగాయి. కార్నర్‌బ్యాక్ నడుము అటు తిరిగింది. అంతే, చిన్నోడు అదే కాలు నేలకి ఆనించి లోపలికి కోశాడు. అవతలి వాడు మళ్ళీ తిరిగి వచ్చేలోపు వాళ్ళిద్దరి మధ్య రెండు అడుగుల ఖాళీ. బాల్ వచ్చింది. ఛాతీకి తగలకముందే, చేతులు ముందుకు చాపి వేళ్ళతో పట్టుకున్నాడు. ఏడు గజాలు. స్లాంట్ అంటారట దాన్ని. ఖోఖోలో మా స్కూల్లో ఒకమ్మాయి ఉండేది, పరుగులో అందరికంటే వెనక, కానీ దొరికేది కాదు. చేజర్ నడుము ఎటు తిరిగితే దానికి ఎదురు వైపు వెళ్ళేది. చిన్నోడిని చూస్తే ఆ అమ్మాయి గుర్తొచ్చింది.

ఇంకోటి. డిఫెండర్లు ఒక్కొక్కరు ఒక్కో మనిషిని పట్టుకోకుండా, ఒక్కొక్కరు కొంత స్థలాన్ని కాపలా కాసే పద్ధతి ఉంటుంది. దాన్ని జోన్ అంటారు. అప్పుడు కూడా పరిగెత్తుకుంటూ పోతే ఒక కాపలాదారు దగ్గర్నుంచి ఇంకో కాపలాదారు చేతిలో పడతాడు. చిన్నోడు ఇద్దరి మధ్య ఖాళీ కనిపించగానే ఆగిపోయి, క్వార్టర్‌బ్యాక్ వైపు తిరిగి నిలబడ్డాడు. నిలబడటం! 40 గజాల పరుగులో నిలబడటానికి మార్కులు ఎవరిస్తారు?

మరొకటి, గీత పక్కన. బాల్ పైనుంచి వస్తోంది. డిఫెండర్‌కి బాల్ కనిపించదు, వాడు రిసీవర్ చేతుల్ని చూసి తన చేతులు ఎత్తుతాడు. చిన్నోడు చేతులు ఎత్తలేదు. బాల్ ముక్కు మీదకి వచ్చాక, చివరి క్షణంలో ఎత్తాడు. హైస్కూల్‌లోనూ కాలేజీలోనూ ఒక్క పాదం గీత లోపల పడితే చాలు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండూ పడాలి. వాడు రెండు పాదాలూ లోపల పెట్టాడు. ఎందుకు రా అని తర్వాత అడిగితే, "అలవాటు అవ్వాలి కదక్కా" అన్నాడు. నేను 0.00 అని రాసిన పిల్లాడు.

ఇక వాడికి ఫోన్ చేయాలనిపించింది. ఊరికే చేస్తే ఎత్తడు. అందుకని ఒక మంచి ఉదాహరణ వెతుక్కుని చేశాను. మా బాబాయి తరం వాళ్ళు సచిన్ పొట్టివాడే అని చెప్పినట్టు, ఈ ఆటలో కూడా ఒక కథ ఉంటుంది కదా అని. నిజంగానే ఉంది. 2017 కంబైన్‌లో జాన్ రాస్ అనే రిసీవర్ 40 గజాలు 4.22 సెకన్లలో పరిగెత్తాడు. అప్పటికి అది రికార్డు. 2024లో జేవియర్ వర్తీ 4.21తో దాన్ని కొట్టేదాకా నిలిచింది. సిన్సినాటి టీమ్ రాస్‌ని మొత్తం డ్రాఫ్ట్‌లో తొమ్మిదో ఆటగాడిగా తీసుకుంది. అదే కంబైన్‌లో కూపర్ కప్ అనే ఇంకో రిసీవర్ 4.62 పరిగెత్తాడు. హైస్కూల్ అయ్యాక కప్‌ని పెద్ద పేరున్న యూనివర్సిటీలేవీ పిలవలేదు. ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న చోట ఆడాడు. డ్రాఫ్ట్‌లో 69వ వాడిగా లాస్ ఏంజెలిస్ తీసుకుంది. రాస్ మొదటి సీజన్‌లో ఒక్క బాల్ కూడా పట్టలేదు, తర్వాత దెబ్బలు వెంటాడాయి. కప్ 2021 సీజన్‌లో 145 క్యాచ్‌లు, 1,947 గజాలు, 16 టచ్‌డౌన్లు. మూడింటిలోనూ లీగ్ మొత్తానికి మొదటివాడు. ఆ సీజన్ చివర సూపర్ బౌల్‌లో బెస్ట్ ప్లేయర్ కూడా అతనే.

చిన్నోడు ఫోన్ ఎత్తాడు. ఇదంతా గడగడా చెప్పాను. చివరికి, "కాబట్టి స్పీడ్‌తో పనిలేదు రా" అన్నాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అక్కా, కప్‌ది 4.62. నాది 4.91. నాకు కప్ పోస్టర్ రూమ్‌లో ఉంది, నాకు తెలీదా? ఫస్ట్ నువ్వు నన్ను జీరో అన్నావ్. ఇప్పుడు అబద్ధం చెప్తున్నావ్. రెండూ సేమ్" అన్నాడు.

పదహారేళ్ళ పిల్లాడు. నాకు నోట మాట రాలేదు.

వాడు చెప్పింది ఎంత నిజమో, ఆ రాత్రి హాస్టల్‌లో కూర్చుని నా మోడల్‌ని మళ్ళీ తెరిచాక అర్థమైంది. కంబైన్‌కి పిలుపు వచ్చేసరికే ఆటగాళ్ళు ఎన్నో జల్లెళ్ళు దాటి ఉంటారు. ఆ గుంపులో నెమ్మది అన్నవాడు కూడా మామూలు లెక్కలో చాలా వేగం. అందరూ వేగంగా ఉన్నచోట, పైకి వచ్చేవాడెవడో వేగం ఒక్కటే చూసి చెప్పలేం. తేడా చిన్నది కాబట్టి. ఐఐటీలో ఉన్నవాళ్ళందరి జేఈఈ ర్యాంకులూ వాళ్ళ తర్వాతి జీవితాలూ పక్కపక్కన పెట్టి, 'ర్యాంక్‌కీ గెలుపుకీ సంబంధం లేదు' అనడం లాంటిది ఇది. ర్యాంక్ ఆ గేటు దగ్గరే తన పని చేసేసింది. గేటు బయట నిలబడ్డవాడికి ఆ మాట చెప్తే ఓదార్పు కాదు, వెక్కిరింత.

అలాగని కొలతలు కూడా ఒక్క మాట మీద నిలబడవు. 2019లో డీకే మెట్‌కాఫ్ అనే రిసీవర్ వచ్చాడు. 6 అడుగుల 3 అంగుళాలు, 228 పౌండ్లు, అంత శరీరంతో 4.33 పరిగెత్తాడు. అయితే మూడు కోన్లు పెట్టి మలుపులు తిరగమనే పరీక్షలో 7.38 సెకన్లు, రిసీవర్లకి అది చాలా నెమ్మది. 64వ వాడిగా వెళ్ళాడు. రెండో సీజన్‌లోనే, 2020లో, 1,303 గజాలు సాధించాడు. అతని టీమ్ అతన్ని ఎక్కువ మలుపులు తిరగమని అడగలేదు. నిటారుగా పరిగెత్తనిచ్చింది. ఒకే మనిషి, ఒక కొలత అద్భుతం, ఒక కొలత అధ్వానం. ఏ కొలత నమ్మాలన్నది వాడిచేత ఏ పని చేయిస్తామన్న దాని మీద ఉంది.

నా తప్పు ఎక్కడుందో అప్పుడు కనిపించింది. పదహారేళ్ళకి ఇంకా ఎత్తు పెరుగుతున్న పిల్లాడిని తీసుకెళ్ళి, ఇరవై రెండేళ్ళ ఆటగాళ్ళ పక్కన నిలబెట్టాను. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడతాడా అని ఎవరూ అడగని ప్రశ్నకి జవాబు చెప్పాను. బాబాయి అడిగింది ఇంకో రెండేళ్ళు ఆడనివ్వాలా అని. చిన్నోడు అడిగింది ఆట చూశావా అని. రెండింటికీ నా మోడల్‌లో కాలమ్ లేదు.

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ఇంటర్‌లో మాకు వారం వారం పరీక్షలు. యావరేజ్‌ని బట్టి సెక్షన్లు మార్చేవాళ్ళు. నేను లెక్కలు బాగా చేస్తాను, కానీ మెల్లగా చేస్తాను. ఎప్‌సెట్ అంటే 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ఒక్కోదానికి నిమిషం మీద కొన్ని సెకన్లు. ఫస్టియర్ మధ్యలో నన్ను పై సెక్షన్ నుంచి కిందకి దించారు. కొత్త క్లాస్‌లోకి వెళ్ళి బెంచీ మీద బ్యాగ్ పెట్టినప్పుడు, మొదటి రోజే లెక్చరర్ "ఈ సెక్షన్‌కి ఇది చాల్లే" అని ఒక చాప్టర్‌లో సగం వదిలేశారు. నా జవాబు కాగితం ఒక్కటైనా ఎవరైనా చదివి ఉంటే అలా దించేవాళ్ళు కాదని రెండేళ్ళు లోపల లోపల కుమిలిపోయాను. ఆ నేనే, ఆట చూడకుండా, ఒక పిల్లాడి సెక్షన్ మార్చేశాను. పైగా నవ్వే బొమ్మ పెట్టి.

నిజం ఇంకొకటి కూడా ఉంది. నేను మెల్లగా చేస్తానన్నది అబద్ధం కాదు. సెకండియర్‌లో గడియారం పెట్టుకుని ప్రాక్టీస్ చేశాకే నా స్పీడ్ పెరిగింది, ఈ సీటు వచ్చింది. ఆ సంఖ్య నా గురించి అంతా చెప్పలేదు, కానీ అది చెప్పిన ఒక్క ముక్కా నిజమే. చిన్నోడికి కూడా ఎవరైనా ఆ ఒక్క ముక్కని ఆ ఒక్క ముక్కగానే చెప్పాలి.

ఆగస్టులో వాడికి మెసేజ్ పెట్టాను. "ఈసారి మ్యాచ్‌లు చూస్తాను. నువ్వు చెప్పు ఏం కొలవాలో." ఒక రోజంతా ఆలోచించుకుని వాయిస్ పెట్టాడు. బాల్ వచ్చిందా లేదా అన్నది వదిలేయమన్నాడు, అది క్వార్టర్‌బ్యాక్ చేతిలో ఉంటుంది. ప్రతి పరుగులో, బాల్ విసిరే క్షణానికి తను ఖాళీగా ఉన్నాడా లేడా అన్నది రాయమన్నాడు. ఏ రూట్‌లో, ఎవరి మీద, మనిషి కాపలానా జోనా, అన్నీ.

వాళ్ళ శుక్రవారం రాత్రి ఏడు గంటలంటే మనకి శనివారం పొద్దున ఐదున్నర. ఈ సీజన్ వాడు సీనియర్ టీమ్‌లోకి వచ్చాడు. హాస్టల్ టెర్రస్ మీద సిగ్నల్ బాగుంటుంది. ఫ్లాస్క్‌లో టీ, ఫోన్‌లో స్కూల్ వాళ్ళ లైవ్, ల్యాప్‌టాప్‌లో షీట్. మా రూమ్మేట్ మొదట్లో పిచ్చి అనుకుంది, అక్టోబర్‌కి తనే వచ్చి "14 వచ్చాడా?" అని అడిగేది. ఎనిమిది మ్యాచ్‌లు రాశాను. కెమెరాలో సరిగ్గా కనిపించనివి తీసేశాను.

షీట్ చెప్పింది ఇది. స్లాంట్, కర్ల్ లాంటి చిన్న రూట్లు, మలుపు ఉన్నవి, 70 లెక్కలోకి వచ్చాయి. 49 సార్లు ఖాళీగా ఉన్నాడు. జోన్ మీద ఇంకా బాగున్నాడు. నిటారుగా దూరం పరిగెత్తే రూట్‌ని గో అంటారు. అవి 13. ఒక్కసారి ఖాళీగా ఉన్నాడు, అదీ అవతలి వాడు జారిపడితే. నా కళ్ళు తప్పు చూసి ఉండొచ్చు, ఇవి ఒకే పిల్లాడి ఎనిమిది మ్యాచ్‌లు, దీన్ని ఎవరూ పరిశోధన అనుకోవద్దు. కానీ ఈ షీట్ పక్కన బాబాయి పాత షీట్ పెట్టుకుని చూశాను. 4.91 చెప్పింది ఆ 13 గో రూట్ల గురించే. రంగు వేయని షటిల్ గడి, 4.38, మిగిలిన 49 గురించి చెప్తూనే ఉంది. కొలతలన్నీ నిజమే చెప్పాయి. మేమిద్దరం ఒక్క గడినే చదివాం.

చిన్నోడికి పంపాను. 13లో ఒకటి అన్నదాన్ని దాచలేదు. ఈసారి కోపం రాలేదు. "అక్కా, ఇది నాకు తెలుసు. కానీ ఇలా రాసి ఉంటే కోచ్‌కి చూపించొచ్చు" అన్నాడు. చూపించాడు కూడా. గీత పక్కన కాకుండా లోపల, స్లాట్ అనే చోట ఆడించమని అడిగాడు. అక్కడ పొడుగు పరుగులు తక్కువ, మలుపులూ జోన్‌లో ఖాళీలూ ఎక్కువ. కోచ్ ఆ షీట్ చూసి ఏమీ అనలేదట. చివరి రెండు మ్యాచ్‌ల్లో కొన్నిసార్లు స్లాట్‌లో నిలబెట్టాడు. వాడు పొద్దున్నే లేచి పరుగు కూడా ప్రాక్టీస్ చేస్తున్నాడు. డిసెంబర్‌లో 4.84 వచ్చిందన్నాడు. మెషిన్ టైమేనా అని అడిగాను. మెషినే.

స్కాలర్‌షిప్ ఉత్తరాలు ఏమీ రాలేదు. రాకపోవచ్చు. డివిజన్ 3 అని ఒక స్థాయి ఉంది, అక్కడి కాలేజీలు ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వవు, చదువుకుంటూ ఆడుకోవచ్చు. చిన్నోడు వాటి పేర్లు చూస్తున్నాడు. శాట్ కూడా చదువుతున్నాడు, బాబాయి ఊరుకోడు కదా. ఇంకో ఏడాది హైస్కూల్ ఆట ఉంది. మానేయమని ఇప్పుడు ఇంట్లో ఎవరూ అనట్లేదు.

చివరి మ్యాచ్ గురించి చెప్పి ఆపేస్తాను. నవంబర్‌లో వాళ్ళ గడియారం ఒక గంట వెనక్కి వెళ్తుంది, అందుకని మనకి ఆరున్నర. ఆ రోజు చిన్నోడి వైపు మూడు బాల్స్ వచ్చాయి, ఒక్కటీ దొరకలేదు. రెండు తల మీదుగా పోయాయి, ఒకటి వాడి తప్పే, చేతిలోంచి జారింది. మూడో క్వార్టర్‌లో వాళ్ళ టీమ్ వాడు బాల్ పట్టుకుని పక్క నుంచి పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. స్టేడియం అంతా అరుపులు. నేను మాత్రం నా అలవాటు కొద్దీ 14ని చూస్తున్నాను. వాడు తనకంటే ఇరవై కిలోలు ఎక్కువుండే డిఫెండర్‌కి అడ్డంపడి, రెండు చేతులూ వాడి ఛాతీ మీద పెట్టి, కాళ్ళు ఆడిస్తూ ఆడిస్తూ నాలుగు సెకన్లు ఆపాడు. బాల్ పట్టుకున్నవాడు వెళ్ళింది ఆ సందులోంచే. తర్వాత ఇద్దరూ కింద పడ్డారు. చిన్నోడు లేచి హెల్మెట్ సర్దుకుని బయటికి నడిచాడు. నా షీట్‌లో దానికి కాలమ్ లేదు. అప్పటికప్పుడు ఒకటి కలిపాను.

మ్యాచ్ అయ్యాక బాబాయి స్టేడియం నుంచే ఫోన్ చేశాడు. గొంతు డీలాగా ఉంది. "చూశావా అమ్మా? ఒక్క క్యాచ్ కూడా లేదు ఇవాళ. సున్నా."

"బాబాయ్, ఆ టచ్‌డౌన్ రికార్డింగ్ ఇంటికెళ్ళి ఇంకోసారి పెట్టు" అన్నాను. "బాల్‌ని చూడకు. 14ని చూడు."